ఇరవై రెండు పొయ్యిలు

తెలంగాణలో జాతీయ పార్కులు మూడున్నాయి. కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాదులోనో, దాని అంచుల్లోనో ఉన్నాయి. పొద్దున ఇడ్లీ తిని బయల్దేరితే, ట్రాఫిక్ దయ తలిస్తే, మధ్యాహ్నం భోజనం వేళకు మూడూ చుట్టి రావచ్చు. పులి తిరిగే ఆదిలాబాద్ అడవికి మాత్రం ఆ హోదా దక్కలేదు. కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది, 2012లో టైగర్ రిజర్వ్ అయింది, జాతీయ పార్కు ఇప్పటికీ కాలేదు. కనుక డాలస్ నుంచి సెలవు మీద వచ్చిన మా మేనల్లుడు "నేషనల్ పార్కులు తిరుగుదాం మామా, పిల్లలకు క్యాంపింగ్ అలవాటే" అన్నప్పుడు, కాగితం ప్రకారం వాణ్ని జూబ్లీహిల్స్ తీసుకుపోవాలి.

ఆ సంగతి వాడికి చెప్పలేదు. హైదరాబాదులో ఒక క్యాంపర్ బండి కిరాయికి మాట్లాడుకుని, డ్రైవరును వెంటబెట్టుకుని కరీంనగర్ వచ్చాడు. లోపల పరుపులు, గ్యాస్ స్టవ్వు, చిన్న ఫ్రిజ్జు, కప్పు మీద సోలార్ పలక, అడుగున నీళ్ల ట్యాంకు, వెనక మూలన తలుపుతో సహా మరుగుదొడ్డి. వాడకట్టు పిల్లలు ఎక్కి దిగారు. పెద్దవాళ్లు టైర్లు నొక్కి చూశారు, కిరాయి ఎంతని అడిగి, విని, నోరు మూసుకున్నారు. ఎనభై దాటిన మా అమ్మ కట్టె పట్టుకుని బండి చుట్టూ తిరిగి, వంగి కిందికి కూడా చూసి, "కచ్చురమే గదరా ఇది. ఎడ్లేవి?" అంది.

కచ్చురం చూడని వయసువాళ్ల కోసం చెప్పాలి. ఆడవాళ్లు, పిల్లలు కూర్చోవడానికి పైన గూడు కట్టిన రెండెడ్ల బండి అది. లోపల గడ్డి పరిచి, గడ్డి మీద బొంత వేసేవారు. పెళ్లికూతురు అందులోనే వచ్చేది, బాలింత అందులోనే పుట్టింటికి పోయేది, రెండేళ్లకోసారి మాఘ పున్నమప్పుడు ఇంటిల్లిపాదీ అందులోనే మేడారం వనదేవతల జాతరకు వెళ్లేవాళ్లు. మేడారం ఉన్నది ఏటూరునాగారం అభయారణ్యంలో. 1950ల మొదట్లో ఏర్పడ్డ అభయారణ్యం అది. అంటే పిల్లాపాపలతో, వంటసామానుతో అడవిలోకి వెళ్లి, చెట్ల కింద రాత్రిళ్లు గడిపి, తిరిగి రావడం మా కరీంనగర్ వాళ్లకు కొత్త సంగతి కాదు. దానికి ఎవరూ వెబ్‌సైటులో స్థలం బుక్ చేసుకోలేదు, అంతే తేడా.

అమ్మ చెప్పే మేడారం ప్రయాణంలో బండిలోకి ఎక్కిన సామాను పొడుగ్గానే ఉంటుంది. బియ్యం, పప్పు, కారప్పొడి, చింతపండు, ఉల్లిగడ్డ, తల్లులకు ఇచ్చే బంగారం అనబడే బెల్లం, కాళ్లు కట్టిన కోడి, ఒక కందిలి, గాసునూనె సీసా. ఎక్కనివి మూడే: నీళ్లు, పొయ్యి, ఎడ్లకు సరిపడా చొప్ప. అవి మోసుకుపోతే మనుషులకు చోటుండదు. అందుకని పొద్దు వాలే వేళకు ఏదో ఒక ఊరు చేరాలి, బావి చూడాలి, మూడు రాళ్లు వెతకాలి, ఎవరి గడ్డివాము దగ్గరికైనా పోయి నిలబడాలి. అమ్మకు ఆ దారిలో ఊళ్ల పేర్లు కొన్నే గుర్తున్నాయి. మనుషులను మాత్రం ఒక్కరినీ మరవలేదు. పరకాల దాటాక నిప్పు ఇచ్చిన ముసలమ్మ, కుంటుతున్న ఎద్దుకు పసరు పట్టించిన గొల్లాయన, తాము తినేది పక్కకు పెట్టి పిల్లలకు గట్క పోసిన ఇంటావిడ. ఆ కాలాన్ని మరీ పూలదండ వేసి చూపించనక్కర్లేదు. ఎవరి బావిలో ఎవరు చేద వేయవచ్చో కులం చెప్పేది. కొందరికి అడిగితే నీళ్లు దొరికేవి, కొందరు ఎవరైనా వచ్చి పోసేదాకా గట్టు మీద నిలబడాల్సి వచ్చేది. అడగడం అందరికీ ఒకే ఖరీదుకు దొరకలేదు.

అమ్మను కూడా ఎక్కించుకుని మా క్యాంపర్ బండి చొప్పదండి, ధర్మారం మీదుగా సాగి రాయపట్నం దగ్గర గోదావరి దాటింది. ఎల్లంపల్లి నీళ్లు వెనక్కి నిలిచాక పాత వంతెన మునిగిపోతూ తేలుతూ ఉంటోంది. కొత్త వంతెన దాని పక్కన ఎత్తుగా ఉంది. లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం. అక్కడి నుంచి టేకు చెట్లు రోడ్డుకు రెండు వైపులా దగ్గరికి జరుగుతాయి. చెక్‌పోస్టు దగ్గర అటవీశాఖ ఉద్యోగి బండిలోకి తొంగి చూసి, స్టవ్వు చూసి, చాలా మర్యాదగా చెప్పాడు: అడవిలో ఎక్కడా ఆపొద్దు, వంట వద్దు, చీకటి పడకముందే దాటిపోవాలి. తప్పేం లేదు. ఎండిన ఆకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు, రాత్రి రోడ్డు దాటే దుప్పికి హెడ్‌లైటు ఏం చేస్తుందో తెలుసు. కర్ణాటకలో బందీపూర్ రోడ్డు మీద 2009 నుంచి రాత్రిపూట మామూలు బండ్లను నడవనివ్వడం లేదు. పిల్లలు కొండముచ్చులను, చుక్కల దుప్పులను, ఒక నెమలిని లెక్కపెట్టారు. పులి కనిపించలేదు. నాకైతే అది కనిపించకపోవడమే మర్యాద అనిపిస్తుంది.

అడవి దాటాక పొద్దు గూకింది. అప్పుడు మొదలైంది అసలు ప్రశ్న: రాత్రికి బండి ఎక్కడ పెట్టాలి?

ఇంటిని చక్రాల మీద పెట్టుకొచ్చినా, చక్రాలు ఎవరిదో ఒకరి నేల మీదే ఆగాలి. పెట్రోలు బంకు అతను రాత్రంతా లారీలు వస్తాయన్నాడు. బడి గేటుకు తాళం ఉంది. చివరికి ఒక ఊరి అవతల చెరువు కట్ట దిగువన జాగా చూసి ఆపుకున్నాం. స్టవ్వు మీద నూడుల్సు ఉడుకుతున్నాయి, లోపల లైట్లు తెల్లగా వెలుగుతున్నాయి. కాసేపటికి టార్చిలైట్లతో నలుగురు వచ్చారు. "ఎవలు మీరు? ఏడికెళ్లి వచ్చిన్రు? ఈడెందుకు ఆపిన్రు?"

మా మేనల్లుడు ఎంతో వినయంగా, "మాకేం అవసరం లేదండీ, మా దగ్గర అన్నీ ఉన్నాయి" అన్నాడు.

అంతే, వచ్చినవాళ్ల అనుమానం రెట్టింపైంది. న్యాయమే. అన్నీ ఉన్నవాడు చీకట్లో ఊరి చివర ఎందుకు ఆగుతాడు? సర్వేకు వచ్చినవాడా, భూములు కొనేవాడా, టేకు దుంగలు తోలేవాడా? ఇంతలో అమ్మ మెల్లగా మెట్టు దిగి, శాలువా చుట్టుకుంటూ, "బిడ్డా, మీ ఇండ్ల నాలుగు కట్టెలుంటే తెస్తరా? చలి కోస్తుంది. మంటేసుకుంటం" అంది. ఆదిలాబాద్ చలి ఎలాంటిదో రాష్ట్రమంతటికీ తెలుసు; జనవరిలో పాదరసం పదికన్నా కిందికి జారే జిల్లా అది. టార్చిలైట్లు కిందికి దిగాయి. ఒకతను కట్టెలు తెచ్చాడు. అతని భార్య వెనకాలే వచ్చింది, ముసలమ్మకు నొప్పులున్నాయేమో కనుక్కుందామని. అమ్మ సంచిలోంచి సకినాలు తీసింది. మీదే ఊరు, మీ ఇంటిపేరేంది, మీ చెల్లెల్ని ఎక్కడిచ్చిన్రు అని మొదలుపెట్టి, గొల్లపల్లి దగ్గర ఇద్దరికీ తెలిసిన ఒక పెళ్లి సంబంధం బయటపడేదాకా వదల్లేదు. బండి అక్కడే ఉండొచ్చా అని మళ్లీ ఎవరూ అడగలేదు. పొద్దున్నే చెంబు నిండా పాలు వచ్చాయి.

పడుకోబోతూ అమ్మ మేనల్లునితో అంది: "గింత ఇల్లు మోసుకొచ్చి, ఎవ్వల ఇంటికి పోకుంట ఎట్లుంటరురా?"

వాడికి ఆ మాట గుచ్చుకుంది. అమెరికాలో క్యాంపర్ అందమంతా దాన్లోనే ఉందని వాడి వాదన. పార్కుల్లో చాలా చోట్ల ఆరు నెలల ముందే స్థలం బుక్ చేసుకోవాలి. స్థలానికి నంబరుంటుంది, కరెంటు పాయింటు, నీటి కుళాయి కూడా కొన్ని చోట్ల ఉంటాయి. రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదు. పక్క నంబరువాళ్లు కుర్చీల్లోంచి చెయ్యి ఊపుతారు, మనం ఊపుతాం, పొద్దున ఎవరి దారిన వాళ్లు పోతాం. పార్కుల బయట ఉన్న ప్రభుత్వ భూముల్లో చాలా చోట్ల రెండు వారాలదాకా ఊరికే బండి పెట్టుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. "ఎవరి మీదా ఆధారపడకపోవడం ఎంత హాయో తెలుసా మామా?" అన్నాడు. తెలుసు. కరీంనగర్లో అద్దె ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నవాడికి ఆ హాయి విలువ బాగానే తెలుసు. అమెరికాలో ఈ సరదాను జనంలోకి తెచ్చినవాళ్లలో హెన్రీ ఫోర్డు, ఎడిసన్ కూడా ఉన్నారు. 1910ల నుంచి 1920ల మధ్యదాకా ఇద్దరూ టైర్ల ఫైర్‌స్టోన్‌తో కలిసి వేసవిలో కార్లలో అడవులు తిరిగారు. వెంట వంటబండి, వంటవాళ్లు. ప్రకృతి ఒడిలో సామాన్యుల్లా గడుపుతున్నామని వాళ్లు నిజంగానే నమ్మి ఉంటారు.

వాడి మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. జవాబు మర్నాడు కేస్లాపూర్‌లో దొరికింది. దొరికిందనడం కన్నా, అక్కడ కొన్ని వందల ఏళ్లుగా ఉన్నది మాకు కనిపించింది అనడం నయం.

ఉట్నూర్ దాటి ఇంద్రవెల్లి, అక్కడి నుంచి పక్కకు తిరిగితే కేస్లాపూర్. పుష్య అమావాస్యకు అక్కడ నాగోబా జాతర. గోండుల్లో మెస్రం వంశం వాళ్ల దేవుడు నాగోబా. మేం చేరేసరికి మర్రిచెట్ల కింద ఎడ్లబండ్లు వరసలుగా ఉన్నాయి. కాడి దింపిన బండి నొగలు నేలకు ఆనించి, ఆ నీడలో పడకలు, దుప్పట్లు, పిల్లలు, ముసలివాళ్లు. ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు కూడా ఉన్నాయి. కానీ బండి మీద రావాలన్న పట్టుదల ఇంకా చాలామందిలో పోలేదు. చలిలో, దుమ్ములో, కుటుంబాలు కుటుంబాలుగా రోజుల తరబడి మకాం. పిల్లలు బండి దిగగానే అన్నారు: "తాతా, క్యాంప్‌గ్రౌండ్!" నిజమే. నంబర్లు లేవు.

ఈ జాతర మొదలయ్యే తీరే విచిత్రం. మెస్రం పెద్దలు ముందు కుండల కోసం సిరికొండ వెళ్తారు. కుండలు చేసేది అక్కడి కుమ్మరులు, తరతరాలుగా వాళ్లే. డబ్బు పారేస్తే ఇంద్రవెల్లి సంతలోనే కుండలు దొరుకుతాయి. అయినా పోయి అడగాలి. తర్వాత గంగాజలం. ఇంటి వెనక బావి ఉంది, వాగు ఉంది. అయినా జన్నారం వైపు గోదావరిలో హస్తినమడుగు దాకా తెల్లబట్టలతో, చెప్పుల్లేకుండా నడిచి పోయి తెస్తారు. రాత్రయితే దారిలోని ఊళ్లలో ఆగుతారు, ఆ ఊళ్లవాళ్లు తిండి పెడతారు. తిరుగుదారిలో ఇంద్రవెల్లి దగ్గర ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కిందికి చేరతారు. గుడి దగ్గర పుట్టలు చేయడానికి కావలసిన నీళ్లు మళ్లీ వేరు. వాటిని మెస్రం ఇంటివాళ్లే తెచ్చుకోకూడదు. ఆ వంశపు ఆడపడుచులు, అల్లుళ్లు కొత్త కుండల్లో తెచ్చిపోయాలి. అల్లుడు రాకపోతే పని ఆగుతుంది. అందువల్ల అల్లుణ్ణి పిలవాలి, వాడు అలిగి ఉంటే బతిమాలాలి. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ కూడా అప్పుడే. అది జరిగాకే ఆమె వంశంలో మనిషి.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసింది గోవాడ. గుండ్రటి గోడ కట్టిన ఆవరణ. మెస్రం వంశంలో 22 కితలు, అంటే శాఖలు ఉన్నాయి. లోపల పొయ్యిలూ 22. వచ్చిన వంశంవాళ్లు వేలల్లో. జాతర రోజుల్లో వాళ్ల వంట అంతా ఆ ఇరవై రెండు పొయ్యిల మీదే, వంతులవారీగా. బయట ఎవరి బండి దగ్గర వాళ్లు గ్యాస్ సిలిండరు పెట్టుకుంటే అరగంటలో అయ్యే పని. కానీ వంతు రావాలి, అప్పటిదాకా కూర్చోవాలి, ముందున్నవాళ్ల గిన్నె దిగాలి, వాళ్ల నిప్పు మీదే మన గిన్నె ఎక్కాలి. లోపలికి వంశంవాళ్లే పోతారు. మేం ద్వారం ఇవతల నిలబడి చూశాం. అమ్మ అక్కడ కూర్చున్న ఒక పెద్దావిడను వంతు ఎప్పుడని అడిగింది. ఆవిడ తెలుగులో, "వచ్చినప్పుడే" అని నవ్వింది. ఆ నిరీక్షణలో ఎన్ని తగాదాలు తీరుతాయో, ఎన్ని కొత్తగా పుడతాయో, ఎన్ని సంబంధాలు కుదురుతాయో బయటివాడు చెప్పలేడు. కానీ ఆ ఏర్పాటు చేసిన పూర్వికుడెవరో మనుషుల్ని బాగా ఎరిగినవాడు. పొయ్యిలు కావాలనే తక్కువ పెట్టాడు.

మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇరవై రెండు చాలవు కదా మామా" అన్నాడు. చాలవు.

ఇక్కడ బయటివాళ్లు అతిథులు. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నడిపిన కొమరం భీం చనిపోయాక, నిజాం ప్రభుత్వం గోండుల గోడు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ఈ అడవులకు పంపింది. ఆయనా, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్యే ఇల్లు వేసుకుని ఉన్నారు. ఆ దశాబ్దంలోనే కేస్లాపూర్ జాతరలో దర్బారు మొదలైంది: అధికారులు కచేరీ వదిలి ఇక్కడికి రావాలి, జనం చెప్పేది వినాలి. ఎంతవరకు వింటారన్నది వేరే కథ. బెట్టీ 1987లో పోయారు. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. అతిథిగా వచ్చి అక్కడి మట్టిలో కలిసేదాకా ఉండడం అందరికీ కుదరదు, అందరూ చేయాలనీ లేదు. కానీ అడిగి ఉండడం అంటే ఏమిటో ఆ ఇద్దరికీ తెలుసు.

అడవికి ఇంటివాడెవడు అన్న ప్రశ్న మాత్రం తిరుగుదారిలో నన్ను వదల్లేదు. కవ్వాల్ కోర్ ప్రాంతం దాదాపు 900 చదరపు కిలోమీటర్లు. దాని లోపలి రాంపూర్, మైసంపేట ఊళ్లను 2024లో ఖాళీ చేయించి, కడెం దగ్గర కొత్త కాలనీకి తరలించారు. ఇళ్లు, భూమి లేదా డబ్బు ఇచ్చారు, ఒప్పుకున్నారు, రోడ్డు, బడి, ఆసుపత్రి దగ్గరయ్యాయని సంతోషించినవాళ్లూ ఉన్నారు. పులి పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. అది మహారాష్ట్ర తడోబా నుంచి నదులు, రైలు పట్టాలు, పత్తి చేలు దాటుకుని వస్తుంది. దానికి దారిలో నాలుగు రోజులు అలికిడి లేని చోటు కావాలి. కాగజ్‌నగర్ అడవిలో అలాంటి చోటు దొరికింది కాబట్టే ఫాల్గుణ అని పేరుపడిన ఆడపులి అక్కడ పిల్లల్ని పెట్టింది. అయినా నాకు మింగుడు పడని సంగతి ఒకటుంది. 1872లో యెల్లోస్టోన్‌ను ప్రపంచంలో మొదటి జాతీయ పార్కుగా ప్రకటించినప్పుడు, అక్కడ కొండగొర్రెలు వేటాడుకుని బతికే షోషోనీలు ఉన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకే వాళ్లను అక్కడ లేకుండా చేశారు. ఇప్పుడు అదే నేల మీద నంబరు వేసిన స్థలంలో నా మేనల్లుడు ఆరు నెలల ముందే డబ్బు కట్టి రాత్రి పడుకోగలడు. అడవిలో పుట్టినవాడు బయటికి, టికెట్టు కొన్నవాడు లోపలికి అన్న లెక్క పులికి కూడా అర్థమయ్యేది కాదనుకుంటాను. మా రాత్రి మజిలీకి కట్టెలిచ్చిన మనిషి ఏ కాగితం ప్రకారం ఆ చెరువు కట్ట మీద హక్కుదారో నాకు తెలియదు. కానీ ఆ రాత్రి మమ్మల్ని ఉండమనో పొమ్మనో అనగలిగినవాడు అతనే. దానికి మించిన అభయం ఏ చెక్‌పోస్టూ ఇవ్వలేదు.

కరీంనగర్ చేరాక లెక్కలు మొదలయ్యాయి. ఆ ఏడు మేడారం జాతర ఉంది. అమ్మ పోవాలంది. మేనల్లుడు మళ్లీ క్యాంపర్ మాట్లాడతానన్నాడు. అమ్మ వద్దంది, ట్రాక్టరు చాలు, మీద తాటిపత్రి కడితే చాలు, ఫ్రిజ్జు వద్దు, స్టవ్వు వద్దు, మూడు రాళ్లు ఏడనన్న దొరుకుతయి అంది. వాడికి ఇప్పుడు పాతకాలం మీద కొత్త ప్రేమ పుట్టింది కాబట్టి అన్నిటికీ తల ఊపుతూ ఫోనులో రాసుకుంటున్నాడు. మరుగుదొడ్డి కూడా కొట్టేయబోతుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మేడారం దారిలో ఆడవాళ్లు నాలుగు గంటలకే చీకట్లో లేచి, ఒకరికొకరు కాపలా ఉండి పొదల చాటుకు పోవడం, పొద్దు పొడిస్తే మళ్లీ పొద్దు గూకేదాకా కడుపు బిగబట్టుకోవడం, అందుకోసమే నీళ్లు తాగకుండా ఎండలో ప్రయాణం చేయడం ఎట్లా ఉండేదో ఎవరూ అడగకపోతే తనే చెప్పింది. ఆ కథ ఇంతకుముందు ఆమె నోట నేను వినలేదు. మేడారం గురించి అన్నిసార్లు చెప్పింది గాని.

"అదొక్కటి ఉండనియ్యి" అంది వాడితో. "దాని కిరాయెంతో కనుక్కో."